శాలువా మీద తప్పు విమానం

కరీంనగర్‌లో మా వీధి పిల్లల్ని మొన్నమొన్నటి దాకా ఎవరిని ఆపి అడిగినా చెప్పేవాళ్ళు: మూల మీది పెంకుటింటి సార్జెంట్ సాబ్ వాయుసేనలో మిగ్ విమానాలు బాగుచేసిన మనిషి అని, ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన విమానం మిగ్-21 అని. నమ్మకపోతే ఆయన శాలువా చూడమనేవాళ్ళు. నీలం శాలువా, దాని అంచుల పొడవునా తెల్ల విమానాలు బారులు తీరి ఉంటాయి.

ఇందులో నిజం శాలువా నీలం రంగుది కావడం ఒక్కటే. ఆ పెద్దమనిషి ఇరవై ఏళ్ళ కొలువులో మిగ్ విమానాన్ని దూరం నుంచి చూశాడే తప్ప దాని మీద చెయ్యి వేయలేదు. ఆయన విమానం వేరే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే ఈ అబద్ధాన్ని పుట్టించాను. దానివల్ల ఆయన రెండేళ్ళ పాటు తన నోట తన కథ చెప్పుకోలేకపోయాడు. అది ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాసిపెట్టాలని కూర్చున్నాను. నేను డ్రాయింగ్ మాస్టరుని. పిల్లలకు సరళరేఖ గీయడం నేర్పి జీతం తీసుకుంటాను. ఈ ఒక్క గీతా వంకరపోయింది.

నా విమానాల పిచ్చి ఆదిలాబాద్‌లో మొదలైంది. అక్కడ నిజాం కాలం నాటి విమాన మైదానం ఒకటి ఉండేది. మా చిన్నతనంలో అందులో దిగేవి కొంగలు, లేచేవి గాలిపటాలు. మేము క్రికెట్ ఆడుకునేవాళ్ళం. పక్కనే మహారాష్ట్ర కాబట్టి మా ఆటలో తిట్లు సగం మరాఠీలో ఉండేవి. విమానమన్నది లేని ఆ మైదానానికి కూడా విమానాల గురించి తెలిసినవాడు ఒకడు ఉండాలి కదా, ఆ పదవి నేను తీసుకున్నాను. బాపు, అంటే మా నాన్న, పనిచేసే జిన్నింగ్ మిల్లుకు పాత ఇంగ్లీషు పత్రికలు చిత్తు కాగితాలుగా వచ్చేవి. వాటిలో విమానాల బొమ్మలున్న కాగితాలు చింపి తెచ్చుకునేవాణ్ణి. ఆకాశంలో ఎక్కడో ఉరిమినట్టు చప్పుడైతే అందరూ నా వైపు చూసేవాళ్ళు.

"ఏంది గది?"

"మిగ్."

ఎప్పుడూ అదే జవాబు. ప్రయాణికుల విమానం పోయినా మిగ్, హెలికాప్టర్ పోయినా "మిగ్ వెనక వస్తున్నది, జర ఆగుండ్రి" అనేవాణ్ణి. ఎవరూ తప్పని చెప్పలేకపోయేవాళ్ళు. నా చదువంతా అలా సాగింది.

ఆ తర్వాత నిజంగానే నేర్చుకున్నాను. ఇప్పుడు నీడను చూసి పేరు చెప్పగలను. నాట్ విమానం పిచ్చుకంత ఉండి పెద్దవాళ్ళను ఏడిపించింది. హంటర్ అందగాడు, ఏ వైపు నుంచి గీసినా బొమ్మ కుదురుతుంది. మారుత్ మన దేశంలోనే తయారైన రాకుమారుడు, ఒంట్లో బలం చాలలేదు. జాగ్వార్ ఉలి లాంటి ముక్కుతో నేలకు ఆనుకుని పోతుంది. సుఖోయ్ పెళ్ళికి వచ్చిన పొడగరి మేనమామ, ఎక్కడ నిలబడినా అతనే కనిపిస్తాడు. తేజస్ మన ఇంటి పిల్ల, కాస్త ఆలస్యంగా నడక నేర్చింది కాబట్టి ముద్దెక్కువ. రఫేల్ కొత్త అల్లుడు. అందరూ మెచ్చుకోవాల్సిందే, ధర మాత్రం అడగకూడదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మిగ్-21 ఒక ఎత్తు. పెన్సిలుకు రెండు త్రికోణాలు అతికించినట్టు ఉంటుంది. డ్రాయింగ్ మాస్టరు దాన్ని కాకుండా ఇంక దేన్ని ప్రేమిస్తాడు?

సార్జెంట్ సాబ్‌కు మాత్రం ప్యాకెట్ కావాలి. ప్యాకెట్ అనేది సరుకు మోసే పాత విమానం. మధ్యలో పెద్ద పొట్ట. పొట్టకు రెండు పక్కలా రెండు ఇంజన్లు. ఒక్కో ఇంజను వెనక నుంచి ఒక్కో పొడుగాటి దూలం తోక దాకా సాగుతుంది. రెండు దూలాల చివర రెండు తోకలు, వాటిని కలుపుతూ అడ్డంగా ఒక పట్టీ. మంచు కొండల మీది సైనికులకు బియ్యం, ఉప్పు, కిరోసిన్ చేరవేసింది. ఆ ఎత్తులో గాలి పలుచన కాబట్టి రెండు ఇంజన్లు చాలవని మనవాళ్ళు దాని వీపు మీద మూడో ఇంజను ఒకటి ఎక్కించారు. అది జెట్ ఇంజను, నాట్ విమానానికి పెట్టేదే. ఆ మూడు ఇంజన్ల మంచీచెడ్డా చూసుకోవడం సార్జెంట్ సాబ్ పని.

పదేళ్ళుగా సాయంత్రం పూట ఆయన వరండాలో మా యుద్ధం నడుస్తోంది.

"గదొక విమానమా సాబ్, గుమ్మడికాయకు రెక్కలు పెట్టినట్టున్నది" అని నేను మొదలుపెట్టేవాణ్ణి.

"గుమ్మడికాయనే బిడ్డా. పదిమంది కడుపు నింపుతది. నీ మిగ్గుల ఏమున్నది? ఒక్కడు కూసుంటడు. వాడు కూడ ముడుసుకొని కూసుంటడు."

"మిగ్ చప్పుడు కన్న రెండింతల వేగం పోతది."

"ఏం తీస్కపోతది గంత వేగం? ఒక్క ఉప్పు సంచి తీస్కపొమ్మను చూద్దాం."

లోపలి నుంచి ఆయన భార్య అనేది. "ఇద్దరు కలిసి నా చాయ్‌పత్తి ఖతం చేస్తున్నరు గని ఇప్పటిదాంక ఒక్క విమానం లేవలే."

వాళ్ళది మెథడిస్టు కుటుంబం. మిషన్ వాళ్ళు వచ్చిన నాటి నుంచి తాతల తరం అంతా అదే సంఘం. ఏటా కోత పండుగ నాడు ఆరాధన అయ్యాక ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పవచ్చు. తమ జీవితంలో దేవుడు చేసిన మేలేదో అందరి ముందూ చెప్పడమన్నమాట. సార్జెంట్ సాబ్ ప్రతి ఏడూ లేచేవాడు. ప్రతి ఏడూ అదే సాక్ష్యం. పక్కింటివాణ్ణి కాబట్టి నన్నూ భోజనానికి పిలిచేవారు. అలా నాకూ అది కంఠతా వచ్చింది.

"మంచు కొండల నడుమ పోతున్నం. కుడి దిక్కు ఇంజను బందయింది. లోపల ముప్పై మూటల బియ్యం. ఎడమ దిక్కుది ఒక్కటే గుంజలేకపోతున్నది. కొండ మా దిక్కే వస్తున్నది. గప్పుడు పైలట్ నెత్తి మీది గంప అంటు పెట్టిండు."

వీపు మీది మూడో ఇంజనును ఆయన గంప అనేవాడు. గంప అనగానే బల్లల మీద సగం మంది పెదవులు కదిపేవాళ్ళు, తరువాతి మాట వాళ్ళకూ వచ్చు కాబట్టి.

"రెండు చేతులు పడిపోయినోనికి నెత్తి మీది బరువే ఆసరైంది. కొండ మా కడుపు కింది నుంచి పోయింది. దేవునికి స్తోత్రం."

ఆయనకు ఎనభయ్యో ఏడు వచ్చినప్పుడు కోత పండుగ నాడే సన్మానం చేయాలని సంఘం అనుకుంది. సన్మానమంటే శాలువా ఉండాలి. వాళ్ళ అయ్యగారు, అంటే పాస్టరు, నన్ను అడిగాడు. "మీ బావ సిరిసిల్లల మగ్గాలు నడుపుతడట గద సార్. దుకాణంల కొన్నది కాదు, సాబ్ కోసమని నేసింది అయితే బాగుంటది."

బావ అంటే మా అక్క భర్త. మరమగ్గం మీద ఇరవై ఏళ్ళుగా తెల్లబట్ట నేస్తున్నాడు. ఆ మధ్యే ఒక మగ్గానికి బొమ్మలు నేసే జకార్డు పెట్టించుకున్నాడు. ఫోన్ చేసి విషయం చెబితే మగ్గాల చప్పుడు వినబడని చోటికి ఫోన్ పట్టుకెళ్ళాడు.

"బామ్మర్దీ" అన్నాడు, "ఇరవై ఏండ్ల సంది నేస్తున్న గని బజార్ల నా బట్ట నాకే గుర్తుపట్టరాదు. గిది మాత్రం చూడంగనే గుర్తుపట్టాలె. సాబ్‌కు ఏ విమానం పానమో అడిగి, గళ్ళ కాగితం మీద గీసి తీస్కరా. నాకు విమానాలు తెల్వయి. నీ మీదనే భారం."

"అడుగుడేంది బావా, రోజు వింటనే ఉన్న."

"ఏది మరి?"

ఇక్కడ నేను ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో నాకు ప్యాకెట్ పొట్ట కనిపించింది, రెండు తోకలు కనిపించాయి, నెత్తి మీది గంప కనిపించింది. ఇంత వికారాన్ని పట్టులాంటి నీలం శాలువా మీద ఎవరు పెడతారు? అసలు ఈ బొమ్మ నేతలో వస్తుందా? రాదు. బావ అవస్థపడతాడు. అతని మేలు కోరి, అని నాకు నేను చెప్పుకుని, "మిగ్ బావా" అన్నాను. పదేళ్ళ వాదనలో ఒక్కసారైనా గెలవాలన్న కోరిక కూడా ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. సన్మానమైపోయాక శాలువా కప్పుకుని సాబ్ వరండాలో కూర్చుంటే, ఆయన భుజాల మీద నా విమానం! ఆ దృశ్యం తలచుకుని రెండు రోజులు నాలో నేనే నవ్వుకున్నాను.

జకార్డు మీద బొమ్మ నేయాలంటే ముందు గళ్ళ కాగితం మీద గీయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. నింపిన గడి ఉన్నచోట అట్టకు రంధ్రం కొడతారు, రంధ్రం ఉన్నచోట పోగు పైకి లేస్తుంది. నిలువు గీత, అడ్డ గీత తేలిక. ఏటవాలు గీత మాత్రం మెట్లు మెట్లుగా వస్తుంది. నా మిగ్ రెక్కలు రెండూ ఏటవాలే. వాటి మెట్లు కనిపించకుండా సరిచేయడానికి బావ నాలుగు రోజులు అట్టలు మార్చి మార్చి కొట్టాడు. తోక దగ్గర ఉండే రెండు చిన్న రెక్కలైతే గళ్ళలో అసలు కుదరలేదు, ఈగలు వాలినట్టు కనిపించాయి. నేనే కాగితం మీద వాటిని తుడిచేశాను. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను.

కోత పండుగ వచ్చింది. చర్చిలో వేదిక మెట్ల మీద వరి కంకులు, మక్క కంకులు, మిరపకాయల బుట్ట, అన్నిటికంటే ముందు ఒక పెద్ద గుమ్మడికాయ. బావ తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. అయ్యగారు శాలువా కప్పాడు. సాబ్ దాని అంచు చేతిలోకి తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత తలెత్తి అడిగాడు.

"ఎవరు నేసిండ్రు?"

బావ లేచి నిలబడ్డాడు. "నేనే సాబ్. నా మగ్గం మీదనే. మీ విమానమే."

బావ గొంతు నేనెన్నడూ అలా వినలేదు. పరీక్ష పాసయిన పిల్లవాడి గొంతు. సాబ్ అతన్ని దగ్గరికి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"చానా కష్టపడ్డవ్ బిడ్డా. గింత పని నా కోసం ఎవ్వలు చెయ్యలే" అన్నాడు.

అంటూ నా వైపు చూశాడు. నేను గుమ్మడికాయను పరిశీలిస్తున్నాను.

ఆనాటి నుంచి అబద్ధానికి కాళ్ళు వచ్చాయి. బావ ఆ శాలువా ఫొటోను ఫోన్‌లో పెట్టుకుని కనిపించినవాడికల్లా చూపించాడు. వేములవాడ వెళ్ళినా, హుజూరాబాద్‌లో పెళ్ళికి వెళ్ళినా ముందు శాలువా ఫొటో, తరువాతే క్షేమసమాచారం. దాన్ని చూసి ఇద్దరు ముగ్గురు బొమ్మలున్న కండువాలు కూడా నేయించుకున్నారు. వీధి పిల్లలకు సాబ్ "మిగ్ తాత" అయ్యాడు. మా బడిలో పంద్రాగస్టుకు ఆయన్ని అతిథిగా పిలవమన్నారు, పిలిచింది నేనే. పిల్లలు అడిగారు, "మిగ్ ఎంత వేగం పోతది తాతా?"

"మీ డ్రాయింగ్ సారుకు నాకన్న బాగ తెలుసు. ఆయన్ని అడుగుండ్రి" అన్నాడు సాబ్.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన వినయానికట. ఒక సంగతి ఇక్కడ స్పష్టంగా రాయాలి. ఆయన ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పడం ఒక్కటే మానేశాడు.

మరుసటి ఏడు కోత పండుగ వచ్చింది. బావను ఆ ఏడూ పిలిచారు, ముందు వరసలోనే కూర్చోబెట్టారు. ఆరాధన అయ్యాక అయ్యగారు అలవాటు ప్రకారం సాబ్ వైపు చూశాడు. శాలువా కప్పుకుని ఉన్న సాబ్ లేవలేదు.

"సాక్ష్యం చెప్పరా సాబ్?"

"గొంతు మంచిగ లేదు అయ్యగారు."

పెదవులు కదపడానికి సిద్ధంగా ఉన్న సంఘమంతా నోళ్ళు మూసుకుంది. వయసు మీద పడిందన్నారు. నేనూ అదే అనుకున్నాను. అనుకోవడం తేలిక కాబట్టి అనుకున్నాను. భోజనాల దగ్గర ఆయన గొంతు పూర్తిగా బాగుంది, పప్పులో ఉప్పు తక్కువైందని మూడు వరసల అవతలి దాకా వినిపించేలా చెప్పాడు.

మొన్నటి సెప్టెంబరులో మిగ్-21కు వాయుసేన వీడ్కోలు చెప్పింది. ఆ రోజు నాకు ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. సాబ్ వాళ్ళింట్లో టీవీ ముందు కూర్చున్నాను. చివరిసారి ఎగిరి, దిగి, నీటి ధారల కింది నుంచి నడిచి వస్తున్న ఆ విమానాన్ని చూస్తే కళ్ళు చెమర్చాయి. సాబ్ నా వీపు తట్టాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. అరవై ఏండ్లు నడిచింది. ఎంత పెద్ద సభ పెట్టిండ్రో చూడు."

మళ్ళీ టీవీ వైపు తిరిగి అన్నాడు. "ప్యాకెట్‌కు గిసొంటి సభ ఎవ్వలు పెట్టలే. నేను చూసుకున్నదాన్ని మైదానం మూలకు నూకిండ్రు. గడ్డి మొలిచింది. తర్వాత కోసి ఇనుము కింద తీస్కపోయిండ్రు."

చాయ్ తెచ్చిన ఆయన భార్య గ్లాసు నా చేతికి ఇస్తూ అంది. "ఏడాదికొక్కపారి దాని ముచ్చట చెప్పుకునేటోడు. గది కూడ బందయింది."

"గొంతు బాగలేదన్నరు గదమ్మా" అన్నాను.

"గొంతుకేమైంది, పొద్దుగాల్ల లేచి నా మీద ఒర్రుతనే ఉన్నడు. గొంతు కాదు కొడుకా. శాలువా."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. టీవీలో బ్యాండు మోగుతోంది. నేను చాయ్ చల్లారేదాకా కూర్చుని, అప్పుడు చెప్పాను. బావ నన్ను అడగమన్నాడని, నేను ఆయన్ని అడగలేదని, తెలిసి కూడా నా విమానాన్ని గీశానని.

"నాకు ఆ రోజే తెలుసు" అన్నాడు సాబ్.

"మరి ఎందుకు చెప్పలే?"

"మీ బావ ముఖం చూసినవా ఆ రోజు? తొలిచూలు బిడ్డను తెచ్చి ఒళ్ళె పెట్టినట్టు పెట్టిండు. గిది నాది కాదని ఎట్లంట?"

"సాక్ష్యం అయితే చెప్పొచ్చు గద సాబ్."

"ఎట్ల చెప్పాలె? మీ బావ ఎదురుంగ కూసున్నడు. శాలువా మీద మిగ్. మిగ్గుకు ఒకటే ఇంజనని వీధిల పోరగాండ్లందరికి నువ్వే నేర్పినవ్. నేను లేసి మూడు ఇంజన్ల కత చెప్తే ఎవడన్న అడుగుతడు. మీ బావ ఇజ్జత్ పోతది. శాలువా కప్పుకోకుంట పోతె, ఎందుకు కప్పుకోలే అంటరు. దేవుని ముందట లేసి మాట మార్చి చెప్పరాదు. అందుకే లేవలే."

నేను తల దించుకున్నాను. ఆయన అంతటితో వదిలితే బాగుండేది.

"ఇంకొకటి చెప్పాల్నా?" అని శాలువా తెప్పించాడు. అంచు నా ముందు పరిచి, విమానం వెనక భాగం మీద వేలు పెట్టాడు. "తోక కాడ చిన్న రెక్కలేవి?"

"గళ్ళల్ల కుదరలే సాబ్. తీసేసిన."

"మిగ్గుకు ఆ చిన్న రెక్కలుంటయి. అవి లేకుంట వట్టి త్రికోణమే ఉంటే దాన్నేమంటరు డ్రాయింగ్ సారూ?"

నీడను చూసి పేరు చెప్పగలనని ఇంతకు ముందే రాశాను. ఆ నీడను చూశాను.

"మిరాజ్" అన్నాను.

"ఆఁ. రెండేండ్ల సంది మిరాజ్ కప్పుకొని మిగ్ తాత అనిపించుకుంటున్న. నీకు ఎప్పుడు యాదికొస్తదో అని చూస్తున్న."

అప్పుడు ఆయన నవ్విన నవ్వు వరండా దాటి వీధిలోకి వినిపించి ఉంటుంది. గొంతు చాలా బాగుంది.

ఆ ఆదివారమే సిరిసిల్ల వెళ్ళాను. నా జేబులో ప్యాకెట్ ఫొటో ఉంది. బావ షెడ్డులో మగ్గాలు నడుస్తుంటే ఎదుటి మనిషి చెవిలో అరిచినా వినబడదు. నాకు అదే ధైర్యం. బావ పక్కన నిలబడి, మామూలు గొంతుతో, చేసిందంతా మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాను. బావ నా పెదవులు చూశాడు, ముఖం చూశాడు, వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపేశాడు. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ షెడ్డులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. ఈసారి చాలా పొట్టిగా వచ్చింది.

మూలన కండెలు చుడుతున్న అక్క చెయ్యి ఆపకుండా అంది. "చిన్నప్పటి సంది గంతే వీడు. ఆదిలాబాద్‌ల గాలిపటం పోయినా మిగ్గనేటోడు."

బావ తిట్టినా బాగుండేది. జకార్డు మగ్గం దగ్గరికి వెళ్ళి, పక్కన కట్టగట్టి దాచుకున్న పాత అట్టల మీది దుమ్ము తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాడు. నాలుగు రోజులు కొట్టిన అట్టలు అవి.

"అంటే సాబ్ రెండేండ్ల సంది నాకోసం నోరు మూసుకొని కూసున్నడు" అన్నాడు.

"ఔ బావా."

"ఎందుకు చేసినవ్?"

"ఆ విమానం నేతల రాదనుకున్న. చానా అడ్డదిడ్డంగ ఉంటది."

"నేతల ఏం వస్తదో, ఏం రాదో నీకేం ఎరుక? బొమ్మ చూపియ్."

ఫొటో ఇచ్చాను. పైనుంచి తీసిన ఫొటో. బావ దాన్ని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పి చూశాడు. అతని ముఖం మారింది.

"గిది మంచం గదరా."

"మంచం లెక్కనే ఉంటది బావా, అందుకే..."

"లెక్క కాదు, మంచమే. గివి రెండు పట్టెలు. వెనక గిది అడ్డపట్టె. ముంగట రెక్క ఇంకో అడ్డపట్టె. నడుమ మూట పెట్టినట్టు పొట్ట. అన్ని సీదా గీతలే. ఒక్క మెట్టు రాదు." ఫొటోను నా కళ్ళ ముందు ఆడించాడు. "నీ మిగ్గుకు నాలుగు రోజులు కండ్లు పోగొట్టుకున్న. గిది ఒక్క పూటల అయితది. కండ్లు మూసుకొని నేస్త."

నేను అబద్ధమాడి అతనికి తప్పించానని అనుకున్న కష్టం అసలు లేనే లేదు. ఉన్న కష్టమంతా నేను పెట్టిందే. "నెత్తి మీద ఒక గంప కూడ ఉంటది బావా" అన్నాను.

"ఎర్ర పోగు పెడ్త. ఉబ్బెత్తుగ వస్తది. సాబ్‌కు కండ్లు మసకైనా వేలు పెడితే తెలుస్తది" అన్నాడు. తరువాత స్విచ్ వైపు వెళుతూ వెనక్కి తిరిగాడు. "నేస్త గని ఒక మాట. సంఘం ముంగట నేను చెప్ప, సాబ్ చెప్పడు. నువ్వే చెప్పాలె. అన్నం తిని పో."

మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. నేను సరేనన్న మాట అతనికి వినిపించిందో లేదో.

ఈ ఏడు కోత పండుగకు బావ కొత్త శాలువా తెచ్చాడు. గోధుమరంగు నేల, నల్ల విమానాలు, ఒక్కోదాని వీపు మీద ఎర్ర చుక్క. దాన్ని ఆరాధనకు ముందే సాబ్ ఇంట్లో ఇచ్చాడు. సాబ్ చూపు ఇప్పుడు నిజంగానే తగ్గింది. శాలువాను మోకాళ్ళ మీద పరచుకుని వేళ్ళతో తడిమాడు. ఒక దూలం, రెండో దూలం, అడ్డపట్టీ. ఎర్ర చుక్క మీద వేలు ఆగింది.

"గంప" అన్నాడు.

ఆయన భార్య చాయ్ ఇవ్వడం మరిచిపోయి గుమ్మంలో నిలబడింది.

చర్చిలో అయ్యగారు అడగకముందే సాబ్ లేచాడు. మంచు కొండల నడుమ పోతున్నం అన్నాడు. కుడి దిక్కు ఇంజను బందయింది అన్నాడు. బల్లల మీద పెదవులు కదలడం మొదలైంది. కొండ మా దిక్కే వస్తున్నది అన్నప్పుడు, ఏటా విన్నవాళ్ళమే అయినా, అందరం కొంచెం వెనక్కి ఒరిగాం. గప్పుడు పైలట్ నెత్తి మీది గంప అంటు పెట్టిండు అంటూ ఆయన శాలువా అంచు ఎత్తి ఎర్ర చుక్క చూపించాడు. మాటలు ముందే తెలిసిన సంఘానికి ఆ చుక్క కొత్త. వెనక వరసల వాళ్ళు లేచి నిలబడి చూశారు. బావ మాత్రం తన మోకాళ్ళ వైపు చూసుకుంటూ కూర్చున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి.

స్తోత్రం చెప్పాక సాబ్ కూర్చోలేదు. "ఇయ్యాల ఇంకొక సాక్ష్యం ఉన్నది" అని నా వైపు చెయ్యి చూపించాడు.

ముప్పై ఏళ్ళుగా తరగతి ముందు నిలబడి మాట్లాడేవాణ్ణి. నాకు నాలుగు వాక్యాలకు మించి రాలేదు. సాబ్ విమానం ఎప్పుడూ ప్యాకెటే అని, పాత శాలువా మీద నా విమానం గీసింది నేనని, బావకు ఏ పాపం తెలియదని, సాబ్ బావ కోసం ఊరుకున్నాడని చెప్పాను. నేను ఆ రోజు చెప్పలేకపోయిన మిగతాదంతా ఇక్కడ రాశాను.

అయ్యగారు పరేషానై అడిగాడు. "అయితే సార్, పాతదాని మీద ఉన్నది మిగ్గేనా?"

నేను నోరు తెరిచేలోపు సాబ్ అన్నాడు. "అది మిరాజ్ అయ్యగారు. అది కూడ మంచి విమానమే. దాని తప్పేం లేదు."

మొదట నవ్వింది బావ. ఆ తర్వాత చర్చి అంతా నవ్వింది. ఈ ఏడు కూడా పెట్టిన గుమ్మడికాయ ఒక్కటే నవ్వలేదు.

భోజనాలయ్యాక సాబ్ పాత నీలం శాలువా మడిచి నా చేతిలో పెట్టాడు. "నీ విమానం నువ్వు తీస్కపో." పక్కనే ఉన్న బావ జేబులోంచి జేబురుమాలంత గుడ్డ ఒకటి తీసి దాని మీద పెట్టాడు. నీలం గుడ్డ, మధ్యలో తెల్లటి చిన్న త్రికోణాలు రెండు.

"ఏంది బావా గివి?"

"నీ మిగ్గు తోక రెక్కలు. రెండేండ్లు లేకుంట ఎగిరింది పాపం. కత్తిరించి కుట్టిచ్చుకో."

మా ఇంట్లో కుట్టు మిషను ఉంది. ఆ రెండు త్రికోణాలూ కత్తిరించి మొదటి విమానానికి అతికించి కుట్టాను. ఇప్పుడు అది చక్కటి మిగ్-21. శాలువా మీద దాని వెనక ఇంకా పదిహేడు మిరాజ్‌లు ఉన్నాయి. మిగతా రెక్కలు నేసివ్వమని బావను అడిగే ధైర్యం ఇంకా రాలేదు.